డబుల్స్‌లో నంబర్‌వన్, సింగిల్స్‌లో వందకు బయట: బార్బొరా క్రేచికోవా ప్రస్థానాన్ని అర్థం చేసుకోవడం ఎలా?

సంక్షిప్తంగా: చెక్ క్రీడాకారిణి బార్బొరా క్రేచికోవా 2021లో ఫ్రెంచ్ ఓపెన్, 2024లో వింబుల్డన్ సింగిల్స్ టైటిళ్లు గెలిచింది. రెండుసార్లూ టోర్నీ మొదలయ్యేటప్పుడు ఆమెను విజేతగా ఊహించినవారు చాలా తక్కువ. గెలిచిన తర్వాత కూడా ఆమె ర్యాంకు నిలకడగా లేదు. ఒకసారి రెండో స్థానానికి ఎక్కింది, మరోసారి డెబ్బైలలోకి జారింది. ఇదంతా అదృష్టం ఆడిన ఆట అనుకోవడం తేలిక. అయితే డబుల్స్ ఆమెకు నేర్పిన ఆటను, శరీరం పెట్టిన ఇబ్బందులను, ర్యాంకింగ్ లెక్కల తీరును కలిపి చూస్తే ఈ ఎత్తుపల్లాల వెనుక ఒక క్రమం కనిపిస్తుంది.

పేరు గురించి ఒక మాట

తెలుగు పత్రికల్లో క్రెజికోవా అని ఎక్కువగా కనిపించే ఈ ఇంటిపేరును చెక్ భాషలో దాదాపు ‘క్రేచీకోవా’ అని పలుకుతారు. చివరనున్న ‘ఓవా’ చెక్ భాషలో స్త్రీల ఇంటిపేర్లకు చేరే ప్రత్యయం. నవ్రతిలోవా, క్వితోవా, వొండ్రుషోవా వంటి పేర్లన్నీ ఒకే కుటుంబానివిలా వినిపించడానికి కారణం ఇదే. వీరి మధ్య బంధుత్వమేమీ లేదు.

క్రేచికోవా 1995 డిసెంబరు 18న మొరావియా ప్రాంతంలోని బ్రునో నగరంలో పుట్టింది. 2013లో కతెరీనా సినియకోవాతో కలిసి ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్, యూఎస్ ఓపెన్ బాలికల డబుల్స్ టైటిళ్లు మూడింటినీ గెలిచింది. ఆ జోడీ తర్వాత పదేళ్లపాటు మహిళల డబుల్స్‌లో ఎదురులేని జంటగా నిలిచింది. ఆమెను ‘డబుల్స్ ప్లేయర్’ అనే గదిలో ఏళ్ల తరబడి కూర్చోబెట్టిందీ ఆ జోడీ విజయాలే.

రెండు జాబితాలు, మధ్యలో గోడ

2018 అక్టోబరులో క్రేచికోవా, సినియకోవా ఇద్దరూ డబుల్స్ ప్రపంచ నంబర్‌వన్ స్థానానికి చేరారు. అప్పటికి క్రేచికోవా సింగిల్స్‌లో మొదటి వంద మందిలోకి ఒక్కసారి కూడా రాలేదు. ఆమె తొలిసారి వందలోపు అడుగుపెట్టింది 2020 అక్టోబరులో, దాదాపు ఇరవై అయిదేళ్ల వయసులో. ఒకే ఆటలో, ఒకే కాలంలో ఒక మనిషి ప్రపంచంలో అందరికంటే ముందూ వందమందికి వెనకా ఎలా ఉండగలదన్నది సహజంగా వచ్చే సందేహం.

మహిళల టెన్నిస్‌లో సింగిల్స్‌కు, డబుల్స్‌కు ర్యాంకింగ్ జాబితాలు వేర్వేరు. డబుల్స్‌లో సంపాదించిన పాయింట్లు సింగిల్స్ డ్రాలో, అంటే పోటీదారుల జాబితాలో, చోటు ఇప్పించవు. గ్రాండ్‌స్లామ్‌లలో, అంటే ఏడాదిలో జరిగే నాలుగు అతిపెద్ద టోర్నీలలో, సింగిల్స్ మెయిన్ డ్రాలో 128 మంది ఆడతారు. వారిలో 104 మంది సింగిల్స్ ర్యాంకు ఆధారంగా నేరుగా వస్తారు, 16 మంది క్వాలిఫయింగ్ అనే అర్హత పోటీలు గెలిచి వస్తారు, ఎనిమిది మందికి వైల్డ్‌కార్డులు, అంటే నిర్వాహకుల ప్రత్యేక ఆహ్వానాలు, దక్కుతాయి. అంటే సింగిల్స్‌లో 150 దగ్గర ఉన్న క్రీడాకారిణి డబుల్స్‌లో నంబర్‌వన్ అయినా సరే, మెయిన్ డ్రా చేరడానికి మూడు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు నెగ్గి రావాలి.

అసలు చిక్కు మామూలు టోర్నీల దగ్గర వస్తుంది. ఒక వారం డబుల్స్‌లో ఫైనల్‌దాకా వెళ్లినవారు శని, ఆదివారాల్లో ఆ ఊళ్లోనే ఆడుతూ ఉంటారు. తర్వాతి వారం టోర్నీకి సింగిల్స్ క్వాలిఫయింగ్ మొదలయ్యేది సరిగ్గా ఆ రోజుల్లోనే. డబుల్స్‌లో ఎంత బాగా ఆడితే సింగిల్స్‌లో పైకి రావడానికి అంత తక్కువ అవకాశాలు మిగులుతాయి. క్రేచికోవా చాలా కాలం ఈ బిగింపులోనే గడిపింది. 2017లో న్యూరెంబర్గ్ టోర్నీలో సింగిల్స్ ఫైనల్ చేరి తన సత్తా చూపినా, ఆ ఊపు నిలవలేదు.

డబ్బు లెక్క కూడా చూడాలి. 2024 వింబుల్డన్‌లో సింగిల్స్ విజేతకు 27 లక్షల పౌండ్లు ఇచ్చారు. డబుల్స్ విజేతలకు జోడీకి కలిపి ఇచ్చింది 6.5 లక్షల పౌండ్లు, అంటే ఒక్కొక్కరికి 3.25 లక్షలు. సింగిల్స్ క్వార్టర్‌ఫైనల్లో ఓడినవారికి 3.75 లక్షలు దక్కాయి. డబుల్స్ ట్రోఫీ ఎత్తిన క్రీడాకారిణి కంటే సింగిల్స్‌లో చివరి ఎనిమిది మందిలో నిలిచి ఓడినవారి సంపాదనే ఎక్కువన్నమాట. కోచ్, ఫిజియో, ప్రయాణ ఖర్చులు సొంతంగా భరించే ఆటలో ఈ తేడా చిన్నది కాదు. డబుల్స్‌లో శిఖరం చేరిన తర్వాత కూడా ఆమె సింగిల్స్ పట్టు వదలకపోవడానికి పట్టుదలతోపాటు ఇలాంటి కారణాలూ తోడవుతాయి.

నొవొత్నా ఇంటి తలుపు తట్టిన రోజు

2014లో, జూనియర్ దశ ముగిసి ఇకపై ఏం చేయాలో తెలియని సమయంలో, క్రేచికోవా తల్లితో కలిసి యానా నొవొత్నా ఇంటికి ఒక ఉత్తరం పట్టుకుని వెళ్లింది. నొవొత్నా కూడా బ్రునోలోనే పుట్టింది. 1998 వింబుల్డన్ విజేత. మహిళల డబుల్స్‌లో 12 గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు గెలిచింది. సలహా అడగడానికి వెళ్లిన అమ్మాయికి ఆమె ఏకంగా కోచ్ అయింది. 2017 నవంబరులో క్యాన్సర్‌తో 49 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా ఆ బంధం కొనసాగింది. ఆటను ఆస్వాదించమని, ఒక గ్రాండ్‌స్లామ్ గెలిచే ప్రయత్నం చేయమని తనకు ఆమె చివరగా చెప్పినట్టు 2021లో పారిస్‌లో ట్రోఫీ అందుకున్న తర్వాత క్రేచికోవా గుర్తుచేసుకుంది.

ఈ గురుశిష్య కథను వార్తలు భావోద్వేగం కోణంలోనే ఎక్కువగా చెప్పాయి. ఆట కోణంలో దీనికి ఇంకా పెద్ద ప్రాముఖ్యం ఉంది. నొవొత్నా తన తరంలో సర్వీస్ చేసి నెట్ దగ్గరికి దూసుకొచ్చే క్రీడాకారిణి. స్లైస్ (బంతి కింది భాగాన్ని కోసినట్టు కొట్టే షాట్), వాలీ (బంతి నేలను తాకకముందే కొట్టే షాట్) ఆమె ఆయుధాలు. సింగిల్స్, డబుల్స్ రెండింటినీ ఒకే ఆటగా చూసిన చివరి తరానికి చెందిన మనిషి. ఓటమి రుచి కూడా ఆమెకు బాగా తెలుసు. 1993 వింబుల్డన్ ఫైనల్లో స్టెఫీ గ్రాఫ్‌పై ఆఖరి సెట్‌లో 4-1తో ముందుండి, 5-1 చేసుకునే పాయింట్ దగ్గర డబుల్ ఫాల్ట్ (రెండు సర్వీసులూ తప్పడం) చేసి, చివరికి ఆ మ్యాచ్ చేజార్చుకుంది. 1997 ఫైనల్లో మార్టినా హింగిస్ చేతిలో ఓడింది. మూడో ప్రయత్నంలో, 29 ఏళ్ల వయసులో, నతాలీ తోజియాను ఓడించి విజేత అయింది. ఆలస్యంగా గెలవడంలో లోపమేమీ లేదని చెప్పడానికి అంతకంటే తగిన మనిషి దొరకదు.

డబుల్స్ కోర్టు ఏం నేర్పుతుంది?

సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు, డబుల్స్‌లో 36 అడుగులు. అవతల ఇద్దరుంటారు, వారిలో ఒకరు నెట్ దగ్గర కాచుకుని ఉంటారు. సర్వీస్‌ను తిప్పికొట్టే బంతి ఆ నెట్ దగ్గరి మనిషికి అందకుండా, ఎదుటివారి కాళ్ల దగ్గర పడేలా తక్కువ ఎత్తులో అడ్డంగా వెళ్లాలి. లేదంటే తల మీదుగా లాబ్ అనే ఎత్తైన బంతి వేయాలి. ఊరికే బలంగా కొట్టిన బంతి నెట్ దగ్గరి మనిషి రాకెట్‌కు తగిలి అంతే వేగంగా వెనక్కి వస్తుంది. అందువల్ల డబుల్స్‌లో రాటుదేలినవారికి బంతి ఎత్తును, వేగాన్ని, కోణాన్ని షాట్ షాట్‌కూ మార్చడం అలవాటవుతుంది. సర్వీస్ చేసేటప్పుడు వేగం కంటే బంతి పడే చోటు మీద దృష్టి పెట్టడమూ అక్కడే అలవడుతుంది.

ఇప్పటి మహిళల సింగిల్స్ ఎక్కువగా బేస్‌లైన్ మీద నిలబడి బలంగా బాదే ఆట. ఒకే ఎత్తులో, ఒకే లయలో వచ్చే బంతులకు అలవాటుపడ్డ ప్రత్యర్థికి క్రేచికోవా ఆట ఊపిరాడనివ్వదు. ఒక బంతి స్లైస్‌తో మోకాలి కిందికి వస్తుంది, తర్వాతిది ఎత్తుగా ఎగిరి భుజం మీదికి లేస్తుంది, ఆ పైది పదునైన కోణంలో పక్క గీత బయటికి లాగుతుంది. ఒక షాట్‌తో ప్రత్యర్థిని ముగించే అరీనా సబలెంకా బలం గానీ ఎలీనా రిబకీనా సర్వీస్ గానీ ఆమెకు లేవు. ఎదుటివారి లయను చెడగొట్టి, వారే తప్పు చేసే స్థితికి తేవడం ఆమె పద్ధతి. ఈ పద్ధతి పూర్తిగా పండడానికి సమయం పడుతుంది. ఏ షాట్‌ను ఎప్పుడు వాడాలో తెలియాలంటే వందల మ్యాచ్‌ల అనుభవం కావాలి. ఆ అనుభవం ఆమెకు డబుల్స్‌లో దొరికింది.

తెలుగు పాఠకులకు దగ్గరి పోలిక సానియా మీర్జా. హైదరాబాద్‌లో పెరిగిన సానియా 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకుదాకా వెళ్లి, మణికట్టు గాయాలు వెంటాడడంతో 2013 నుంచి డబుల్స్‌కే పరిమితమై, 2015లో అందులో ప్రపంచ నంబర్‌వన్ అయింది. శరీరాన్ని కాపాడుకుంటూ బలమైన ఫోర్‌హ్యాండ్‌ను సద్వినియోగం చేసుకోవడానికి ఆమె డబుల్స్‌ను ఆశ్రయిస్తే, క్రేచికోవా డబుల్స్‌లో పోగేసుకున్న విద్యను సింగిల్స్‌కు తరలించింది. దారులు ఎదురెదురు. ఈ ఇద్దరూ ఒకసారి కోర్టులో ఎదురుపడ్డారు కూడా. వింబుల్డన్, యూఎస్ ఓపెన్, ఆస్ట్రేలియన్ ఓపెన్ వరుసగా గెలిచి నాలుగో గ్రాండ్‌స్లామ్ కోసం 2016 ఫ్రెంచ్ ఓపెన్‌లో దిగిన సానియా, హింగిస్ జోడీని మూడో రౌండ్‌లోనే ఓడించింది క్రేచికోవా, సినియకోవా జోడీయే. అప్పటికి ఆ చెక్ అమ్మాయిలిద్దరికీ ఇరవై ఒక్కటి కూడా నిండలేదు.

2021 పారిస్: రెండు వారాల్లో మారిన లెక్క

2021 మేలో స్ట్రాస్‌బర్గ్‌లో తొలి డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలిచి, 33వ ర్యాంకుతో, సీడింగ్ (మేటి ర్యాంకర్లకు డ్రాలో ఇచ్చే వరుస సంఖ్య) లేకుండా క్రేచికోవా ఫ్రెంచ్ ఓపెన్‌లో అడుగుపెట్టింది. మూడో రౌండ్‌లో ఎలీనా స్వితోలినా, నాలుగో రౌండ్‌లో స్లోన్ స్టీఫెన్స్, క్వార్టర్‌ఫైనల్లో కోకో గాఫ్ ఆమె చేతిలో ఓడారు. స్టీఫెన్స్‌తో మ్యాచ్‌కు ముందు భయంతో గదిలో తలుపు వేసుకుని ఏడ్చానని, మానసిక నిపుణురాలితో మాట్లాడాకే కోర్టులోకి వెళ్లగలిగానని ఆమె స్వయంగా చెప్పింది. ఆ మ్యాచ్‌లో ఆమె కోల్పోయినవి రెండే గేములు.

మరియా సకారితో సెమీఫైనల్ ఆ టోర్నీకే గుండెకాయ వంటిది. అప్పట్లో ఫ్రెంచ్ ఓపెన్ ఆఖరి సెట్‌లో టైబ్రేక్ (గేములు సమమైనప్పుడు సెట్‌ను తేల్చే ప్రత్యేక గేమ్) లేదు. 3 గంటల 18 నిమిషాలు సాగిన ఆ పోరులో క్రేచికోవా మొదట ఒక మ్యాచ్ పాయింట్‌ను (ప్రత్యర్థి గెలిస్తే మ్యాచ్ ముగిసిపోయే పాయింట్‌ను) కాచుకుంది. ఆ తర్వాత సకారి బంతి బయట పడిందని, తాను గెలిచానని అనుకున్న క్షణంలో అంపైర్ అది లోపలే పడిందని తీర్పు ఇవ్వడంతో మళ్లీ ఆడాల్సి వచ్చింది. చివరికి 7-5, 4-6, 9-7తో నెగ్గింది. జూన్ 12న ఫైనల్లో అనస్తాసియా పావ్లిచెంకోవాను 6-1, 2-6, 6-4తో ఓడించింది. మర్నాడు సినియకోవాతో కలిసి డబుల్స్ టైటిల్‌నూ అందుకుంది. ఫ్రెంచ్ ఓపెన్‌లో ఒకే ఏడాది మహిళల సింగిల్స్, డబుల్స్ రెండూ గెలవడం 2000లో మేరీ పియర్స్ తర్వాత ఇదే మొదటిసారి. 1981లో చెకోస్లొవేకియా తరఫున హానా మండ్లికోవా గెలిచాక పారిస్ సింగిల్స్ ట్రోఫీ మళ్లీ చెక్ మహిళ చేతికి వచ్చిందీ అప్పుడే.

అదే వేసవిలో టోక్యో ఒలింపిక్స్ డబుల్స్ స్వర్ణం, మరుసటి ఏడాది ఆస్ట్రేలియన్ ఓపెన్, వింబుల్డన్, యూఎస్ ఓపెన్ డబుల్స్ టైటిళ్లు ఆ జోడీ ఖాతాలో చేరాయి. 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్‌తో వారి ఉమ్మడి గ్రాండ్‌స్లామ్‌లు ఏడయ్యాయి. ఇవికాక 2019, 2020, 2021 ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ మూడూ క్రేచికోవావే. వీటిలో రెండింటిలో రాజీవ్ రామ్, ఒకదానిలో నికోలా మెక్టిచ్ ఆమె జోడీ.

52 వారాల లెక్క

2022 ఫిబ్రవరి 28న క్రేచికోవా సింగిల్స్ ప్రపంచ రెండో ర్యాంకుకు చేరింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మోచేతి గాయం ఆమెను కోర్టుకు దూరం చేసింది. నెలల తర్వాత ఫ్రెంచ్ ఓపెన్‌లో డిఫెండింగ్ చాంపియన్‌గా తిరిగొచ్చి, తొలి రౌండ్‌లోనే ఫ్రాన్స్ అమ్మాయి డయాన్ పారీ చేతిలో ఓడింది. ఆ ఒక్క ఓటమితో మొదటి పది మంది నుంచి బయటికి జారిపోయింది.

ఇక్కడ ర్యాంకింగ్ పద్ధతిని కొంచెం వివరంగా చూడాలి. టోర్నీలో సంపాదించిన పాయింట్లు 52 వారాలపాటే లెక్కలో ఉంటాయి. గ్రాండ్‌స్లామ్ విజేతకు 2000, రన్నరప్‌కు 1300, సెమీస్‌లో ఓడితే 780, క్వార్టర్స్‌లో అయితే 430, మూడో రౌండ్‌లో 130, తొలి రౌండ్‌లో 10 పాయింట్లు. ఏడాది తిరిగేసరికి పాత పాయింట్లు తొలగి, కొత్త ఫలితం వాటి స్థానంలోకి వస్తుంది. ఏడాది పొడవునా నిలకడగా క్వార్టర్స్, సెమీస్ చేరేవారి పాయింట్లు చాలా టోర్నీల్లో పరచుకుని ఉంటాయి కాబట్టి ఒక వారం ఓడినా పెద్ద దెబ్బ తగలదు. ఒక్క పెద్ద టైటిల్ మీదే బరువంతా మోపినవారికి ఆ వారం తిరిగొచ్చినప్పుడు నేల కదిలిపోతుంది. గాయాల వల్ల తక్కువ టోర్నీలు ఆడే క్రేచికోవాది రెండో రకం. ర్యాంకింగ్ జాబితా గత ఏడాది ఎంత ఆడారో, ఎంత గెలిచారో చెబుతుందే తప్ప రేపు ఎంత ప్రమాదకరమో చెప్పదు.

2023 ఫిబ్రవరిలో దుబాయ్ టోర్నీ దీనికి మంచి ఉదాహరణ. 30వ ర్యాంకుతో బరిలో దిగిన క్రేచికోవా రెండో ర్యాంకర్ సబలెంకాను, మూడో ర్యాంకర్ జెస్సికా పెగులాను, ఫైనల్లో నంబర్‌వన్ ఇగా స్వియాతెక్‌ను వరుసగా ఓడించి టైటిల్ గెలిచింది. ప్రపంచంలో మొదటి ముగ్గురూ ఒకే వారంలో ఒకే క్రీడాకారిణికి తలవంచారు.

2024 వింబుల్డన్: ఎవరూ చూడని వైపు నుంచి

2024 ఆరంభంలో ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్స్ చేరాక వెన్నునొప్పి, అనారోగ్యం ఆమెను వేధించాయి. 31వ సీడ్‌గా వింబుల్డన్ చేరేసరికి ఆ సీజన్‌లో ఆమె గెలుపులు వేళ్ల మీద లెక్కించదగ్గవి. తొలి రౌండ్‌లో వెరోనికా కుదెర్మెతోవాపై మూడు సెట్లు చెమటోడ్చి గట్టెక్కింది. అక్కడి నుంచి ఒక్కో మ్యాచ్‌కూ ఆట కుదురుకుంటూ వచ్చింది. పచ్చిక మీద స్లైస్ బంతి పైకి లేవకుండా జారుతూ పోతుంది. నొవొత్నా నేర్పిన విద్యకు అంతకంటే అనువైన నేల లేదు.

సెమీఫైనల్లో 2022 చాంపియన్ రిబకీనా తొలి సెట్‌లో 4-0తో దూసుకుపోయింది. ఆ సెట్ పోయినా క్రేచికోవా రిటర్న్‌ల లోతు పెంచి, రిబకీనా సర్వీస్‌ను చదవడం మొదలుపెట్టి 3-6, 6-3, 6-4తో మ్యాచ్‌ను తిప్పేసింది. జూలై 13న ఫైనల్లో ఇటలీకి చెందిన జాస్మిన్ పావొలీనిపై 6-2, 2-6, 6-4తో గెలిచింది. ఆఖరి సెట్‌లో 3-3 వద్ద పావొలీని డబుల్ ఫాల్ట్‌తో సర్వీస్ కోల్పోవడం మలుపు అయింది. చివరి గేమ్‌లో బ్రేక్ పాయింట్లను (తన సర్వీస్ గేమ్ పోగొట్టుకునే ప్రమాదమున్న పాయింట్లను) కాచుకుని, మూడో మ్యాచ్ పాయింట్‌పై క్రేచికోవా పని ముగించింది. 1993లో గురువు ఆఖరి సెట్‌లో తడబడ్డ అదే సెంటర్ కోర్టు అది. తర్వాత విజేతల పేర్లున్న ఫలకం మీద నొవొత్నా పేరు చూసి శిష్యురాలు కన్నీరు ఆపుకోలేకపోయింది.

ఏడాది చివర ఎనిమిది మంది మేటి క్రీడాకారిణులు ఆడే డబ్ల్యూటీఏ ఫైనల్స్‌లో చోటు కూడా ఆమెకు ప్రత్యేక నిబంధన వల్లే దక్కింది. ఆ ఏడాది గ్రాండ్‌స్లామ్ గెలిచి, ర్యాంకింగ్‌లో మొదటి ఇరవై మందిలో ఉన్నవారికి ఎనిమిదో బెర్తు ఇచ్చే నియమం అది. నిబంధన చాటున వచ్చిన ఆమె గాఫ్‌ను ఓడించి సెమీస్‌దాకా వెళ్లింది.

ఒక చిన్న దేశం, క్లబ్బుల అల్లిక

చెక్ రిపబ్లిక్ జనాభా సుమారు కోటీ తొమ్మిది లక్షలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో దేనితో పోల్చినా చాలా చిన్నది. అయినా 1998 నుంచి నొవొత్నా (1998), పెట్రా క్వితోవా రెండుసార్లు (2011, 2014), మార్కెటా వొండ్రుషోవా (2023), క్రేచికోవా వింబుల్డన్ గెలిచారు. మహిళల జట్ల ప్రపంచ పోటీ ఫెడ్ కప్‌ను (ఇప్పుడు దాని పేరు బిల్లీ జీన్ కింగ్ కప్) చెకోస్లొవేకియా అయిదుసార్లు, చెక్ రిపబ్లిక్ ఆరుసార్లు గెలిచాయి. ఖరీదైన ప్రైవేటు అకాడమీల కంటే ఊరూరా ఉన్న క్లబ్బులు ఇక్కడి ఆటకు వెన్నెముక. పిల్లలు వయసులవారీగా క్లబ్బు జట్ల తరఫున పోటీ పడతారు, ఓడినా గెలిచినా అది జట్టు ఫలితం అవుతుంది, జట్టు పోటీల్లో డబుల్స్ కూడా లెక్కకొస్తుంది. చిన్న దేశం కాబట్టి పెద్ద క్రీడాకారిణి ఇల్లు మరీ దూరంలో ఉండదు. ఉత్తరం పట్టుకుని వెళ్లి తలుపు తట్టవచ్చు.

2025: మళ్లీ అదే మలుపు

వెన్ను గాయంతో 2025 మేదాకా క్రేచికోవా సీజనే మొదలుకాలేదు. వింబుల్డన్‌లో మూడో రౌండ్‌లో ఎమ్మా నవారో చేతిలో ఓడడంతో 2000 పాయింట్ల స్థానంలో 130 మాత్రమే వచ్చాయి. ర్యాంకు డెబ్బైలలోకి పడిపోయింది. వింబుల్డన్ చాంపియన్ ఒక్క రోజులో అంత కిందికి ఎలా వెళ్లిందన్న ఆశ్చర్యం చాలామంది వ్యక్తం చేశారు. పై లెక్క తెలిసినవారికి అందులో వింత లేదు.

రెండు నెలలు గడవకముందే యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్‌లో టేలర్ టౌన్‌సెండ్ ఆమెను 6-1తో తొలి సెట్‌లో చిత్తు చేసింది. రెండో సెట్‌లో ఎనిమిది మ్యాచ్ పాయింట్లు సంపాదించింది. ఎనిమిదింటినీ క్రేచికోవా ఒక్కొక్కటిగా కాచుకుని, 15-13తో టైబ్రేక్ గెలిచి, మూడో సెట్‌ను 6-3తో ముగించి క్వార్టర్‌ఫైనల్ చేరింది. అవతల నిలబడిన టౌన్‌సెండ్ అప్పటికి డబుల్స్‌లో ప్రపంచ నంబర్‌వన్, సింగిల్స్‌లో ర్యాంకు వందకు బయట. ఏడేళ్ల కిందట క్రేచికోవా ఉన్న చోటది.